కొలువు చేసుకుంటూ లా చదువు: అడిగిన అక్కలకు నా జవాబు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పదకొండేళ్లుగా మా సంఘంలో పుస్తకాలు రాసేది నేనే. పొదుపు గురించో, బ్యాంకు లింకేజీ గురించో మాట్లాడమంటే కాగితం లేకుండా మాట్లాడేదాన్ని. ఈసారి ప్రెసిడెంటక్క వేరే పని పెట్టింది. "నువ్వు కొలువు చేసుకుంట లా చదువుతున్నవు కదా. అది ఎట్లనో చెప్పు. ఏ బస్తీకి పోయినా ఎవరో ఒకరు నన్నే అడుగుతున్నరు" అన్నది. అందుకే ఇవాళ కాగితం రాసుకొని వచ్చాను.

నేను పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగు కౌంటర్‌లో పని చేస్తాను. వయసు 37. ఇద్దరు పిల్లలు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో ఇప్పుడు రెండో సంవత్సరం. ఇంటర్ అయ్యాక పెళ్లయింది. డిగ్రీ పెళ్లయ్యాక దూరవిద్యలో చేశాను.

అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "పార్ట్‌టైమ్‌ల లా చదవొచ్చా?" దీనికి సూటిగా జవాబు చెప్తాను. ఉద్యోగం చేసుకుంటూ లా చదవవచ్చు. కానీ పార్ట్‌టైమ్ లా అనే చదువు లేదు. ఈ రెండు మాటలకు మధ్య ఉన్న తేడా తెలియకుండా ఫీజు కట్టవద్దు.

మన అమీర్‌పేట సంగతి మీకు నేను చెప్పాలా? మైత్రీవనం దగ్గర నిలబడి తల పైకెత్తితే ఆకాశం కనిపించదు, బోర్డులే కనిపిస్తాయి. జావా, పైథాన్, ట్యాలీ, ఇంగ్లిషు మాట్లాడటం. పొద్దున ఆరింటికి ఒక బ్యాచ్, రాత్రి ఎనిమిదింటికి ఒక బ్యాచ్. ఎవరికి ఏ టైమ్ కుదిరితే ఆ టైమ్‌లో నేర్చుకొని పోవచ్చు. మనలో చాలామంది ఆ పిల్లలకు హాస్టళ్లలో వంట చేసి, టిఫిన్ బండ్లు పెట్టి బతుకుతున్నవాళ్లమే. అందుకే మనకు చదువంటే అట్లానే ఉంటుందని ఒక అలవాటు పడిపోయింది. మన ఎల్లారెడ్డిగూడలోనే పడాల రామిరెడ్డి లా కాలేజీ ఉంది. దాని ముందు నుంచి రోజూ నడుస్తాం. ఇది కూడా ఒక సాయంత్రం బ్యాచ్ లాంటిదే కదా అనుకుంటాం. కాదు. లా చదువుకు టైమ్ పెట్టేది కాలేజీ ఒక్కటే కాదు, దాని మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉంది. ఆ లెక్క తర్వాత చెప్తాను. ముందు అసలు ఈ చదువు మనకెందుకు అనేది చెప్పాలి.

నాలుగేళ్ల కిందట మా సంఘంలో ఒక చెల్లె భర్త చనిపోయాడు. నెల మాసికం కూడా కాకముందే అత్తగారివాళ్లు సామాను బయట పెట్టారు. "ఇల్లు మా పేరు మీద ఉన్నది, నీకేం హక్కున్నది" అన్నారు. ఆ చెల్లె నిజమే అనుకున్నది. మేమందరం కూడా నిజమే అనుకున్నాం. కోర్టు దగ్గర పరిచయమైన ఒకాయన తాను వకీలునని చెప్పి 15 వేలు తీసుకున్నాడు. ఆ 15 వేలు మన సంఘం అప్పే. ఆరు నెలలు తిప్పాడు గానీ కేసు వేయలేదు. చివరికి ఒక అంగన్‌వాడీ టీచరు చెప్తే పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గర న్యాయ సేవల వాళ్లను కలిశాం. పైసా తీసుకోకుండా వకీలును పెట్టారు. అప్పుడు తెలిసింది, 2005 గృహ హింస చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటి ఉందని. ఆడమనిషి కాపురం చేసిన ఇంట్లో ఆమెకు వాటా ఉన్నా లేకపోయినా, కాగితం మీద పేరు ఉన్నా లేకపోయినా, అక్కడ ఉండే హక్కు ఉంటుంది. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఆమెను వెళ్లగొట్టకూడదు. ఆ చెల్లె మళ్లీ తన గదిలోకి వెళ్లింది. ఇక్కడే కూర్చున్నది, పేరు చెప్పను.

పోయిన ఆరు నెలలు, 15 వేల రూపాయలు నన్ను నిద్ర పోనివ్వలేదు. పది మందిమి ఉన్నాం. నెలనెలా కూర్చుంటాం. వడ్డీ లెక్కలు పైసాతో సహా చెప్తాం. చట్టం మాత్రం ఒక్కరికీ తెలియదు. కిరాయి అగ్రిమెంటు, చిట్టీ కాగితం, ప్రామిసరీ నోటు, ఆస్పత్రిలో ఒప్పుకోలు పత్రం, ఏది ముందు పెడితే దాని మీద సంతకం పెడతాం. పొదుపు సంఘం మనకు సంతకం పెట్టడం నేర్పింది. చదివి పెట్టడం ఎవరు నేర్పాలి? ఆ పని బయటివాళ్ల మీద వదిలేయకుండా మనలో ఒకరు నేర్చుకోవాలని బయలుదేరాను.

ఇక లెక్కలోకి వస్తాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటిది, ఎవరు చదవవచ్చు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీ కావాలి. జనరల్‌కు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. ఇంటర్ తర్వాత నేరుగా చేరాలంటే అయిదేళ్ల కోర్సు ఉంది. మన పిల్లలకైతే అది ఆలోచించవచ్చు. మా లాసెట్‌లో వయసుకు పై పరిమితి లేదు. నా క్లాసులో రిటైరైన సార్లు కూడా ఉన్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. మన రాష్ట్రంలో 1982లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ దేశంలోనే మొదటిది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. మనలో చాలామంది డిగ్రీ అక్కడే చేశారు. దూరవిద్యలో చేసిన డిగ్రీ లా కాలేజీకి పనికిరాదని ఎవరన్నా అంటే నమ్మవద్దు. పనికొస్తుంది. కానీ పది, ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరినవాళ్లకు మాత్రం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లా సీటు రాదు. పది, ఇంటర్, డిగ్రీ అనే మెట్లు వరుసగా ఎక్కి ఉండాలి. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చేసి, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినా సరే, మెట్టు ఎక్కినట్టే. అందుకే ఇప్పుడు చదువు మళ్లీ మొదలుపెట్టే చెల్లెళ్లకు నా మాట: త్వరగా అయిపోతుందని ఇంటర్‌ను దాటవేయకండి. డిగ్రీ వచ్చాక వెనక్కి చూస్తే ఆ ఒక్క మెట్టు లేకనే తలుపు మూసి ఉంటుంది.

రెండోది, పరీక్ష. లాసెట్ రాయాలి. 120 ప్రశ్నలు, గంటన్నర టైమ్, కంప్యూటర్ మీద. 30 మార్కులకు జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, 30 మార్కులకు వర్తమాన వ్యవహారాలు, 60 మార్కులకు లా చదవడానికి తగిన ఆలోచన ఉందా లేదా అని చూసే ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కు కొయ్యరు. ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల షరతు కూడా లేదు. అర్హత వేరు, మంచి ర్యాంకు వేరు. ర్యాంకు ఉంటేనే కన్వీనర్ కోటాలో మనకు దగ్గరి కాలేజీ దొరుకుతుంది. ఆ కోటాలో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు ఉంటాయి. ఫీజు కాలేజీని బట్టి మారుతుంది. ఉస్మానియా వాళ్ల సొంత కాలేజీకి, ప్రైవేటు కాలేజీకి, అందులో మేనేజ్‌మెంట్ సీటుకు పొంతన ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయం షరతులు, వయసు షరతులు ఉంటాయి. అవి మనకు వర్తిస్తాయా లేదా అని కౌన్సెలింగుకు ముందే కనుక్కోండి, తర్వాత కాదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, గడియారం. బార్ కౌన్సిల్ 2008లో చేసిన నిబంధనల ప్రకారం లా తరగతులు రోజుకు అయిదు గంటలకు తక్కువ కాకుండా, మధ్యలో అరగంట విరామంతో, వారానికి కనీసం 30 గంటలు నడవాలి. అది కూడా పొద్దున 8 నుంచి సాయంత్రం 7 మధ్యలోనే నడవాలి. మనం బిల్లు వేసినట్టే వేసి చూద్దాం. పొద్దున 8కి మొదలుపెడితే మధ్యాహ్నం 1.30 అవుతుంది. సాయంత్రం 7కి అయిపోవాలంటే మధ్యాహ్నం 1.30కే మొదలుపెట్టాలి. అంటే పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా డ్యూటీ ఉన్నవాళ్లకు ఏ పక్క నుంచి చూసినా క్లాసు తగులుకుంటుంది. డ్యూటీ అయ్యాక పోయే రాత్రి కాలేజీ ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. కరెస్పాండెన్స్‌లో చేసే ఎల్‌ఎల్‌బీని బార్ కౌన్సిల్ ఒప్పుకోదు.

మరి ఎట్లా? కాలేజీ టైమ్ మారదు కాబట్టి మన డ్యూటీ టైమ్ మారాలి. షిఫ్టులు ఉన్న కొలువులోనే ఇది కుదురుతుంది. ఆస్పత్రులు, ల్యాబులు, సూపర్ మార్కెట్లు, మాల్స్, హాస్టళ్లు, కాల్ సెంటర్లు. మన అమీర్‌పేట, పంజాగుట్టలో ఇలాంటి కొలువులకు కొదవ లేదు. ఆ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. నేను కాలేజీలో చేరకముందే మా మేనేజర్ దగ్గరికి పోయి షిఫ్టు మధ్యాహ్నం 2.30 నుంచి రాత్రి 9.30కి మార్పించుకున్నాను. ఆదివారం ఎవరికీ నచ్చని డ్యూటీ నేను తీసుకుంటానన్నాను. జీతంలో కొంత తగ్గింది. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే మీకు సగం లెక్కే చెప్పినట్టు.

నాలుగోది, హాజరు. ప్రతి సబ్జెక్టులో కనీసం 70 శాతం క్లాసులకు హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధన. యూనివర్సిటీ ఇంకా ఎక్కువ అడగవచ్చు. 2024 సెప్టెంబర్‌లో బార్ కౌన్సిల్ దీన్ని ఇంకా బిగించింది. కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టమన్నది. చదివే కాలంలో ఉద్యోగం చేయలేదని, చేస్తే పనిచేసే చోటు నుంచి ఎన్‌ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదనే పత్రం తీసుకున్నానని విద్యార్థి రాసివ్వాలన్నది. హాజరు నిబంధన పాటించినట్టు రుజువు కూడా చూపాలి.

అందుకే అక్కలూ, ఒక మాట గట్టిగా చెప్తున్నాను. "కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం" అనేవాళ్లు ఫోన్లు చేస్తుంటారు. నాకూ చేశారు. ఆ మాటకు అదనంగా ఒక రేటు ఉంటుంది. అది విని మనకు ప్రాణం లేచి వస్తుంది, ఎందుకంటే మనకు లేనిది టైమే కదా. కానీ మూడేళ్లు అయ్యాక, కొలువులో కూడా రోజూ వేలిముద్ర వేసి, కాలేజీలో కూడా అదే గంటలో హాజరు ఉందని కాగితం పుట్టిస్తే, దాన్ని ఎవరి ముందు నిలబెడతాం? ఎన్‌రోల్‌మెంట్ రోజు మన సంతకంతో మనమే ఇరుక్కుంటాం. ఆ రోజు పోయేది ఫీజు ఒక్కటే కాదు, మూడేళ్లు పోతాయి. ఎన్‌ఓసీ నోటి మాటగా వద్దు, లెటర్ హెడ్ మీద, తేదీతో, షిఫ్టు టైమ్ రాసి తీసుకోండి. ఒక కాపీ కాలేజీకి ఇవ్వండి, ఒకటి ఇంట్లో పెట్టుకోండి. నా మటుకు నాది పొదుపు పాసుబుక్కుతో పాటు ఒకే కవర్‌లో ఉంటుంది.

ఇప్పుడు నా రోజు ఎట్లా గడుస్తుందో చెప్తాను, మీ ఇంటితో పోల్చుకోండి. పొద్దున నాలుగున్నరకు లేస్తాను. నల్లా వచ్చే రోజైతే ఇంకా ముందే. వంట, పిల్లల డబ్బాలు అయ్యేసరికి ఆరున్నర. బస్సులో కాలేజీకి పోతాను. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు టికెట్ లేదు కదా, నెలకు ఆ ఖర్చు మిగులుతుంది. వచ్చేటప్పుడు మాత్రం టైమ్ దొరకక మెట్రో ఎక్కుతాను. అమీర్‌పేటలో లైన్ మారితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. 2.30కి కౌంటర్‌లో ఉంటాను. రాత్రి ఇంటికి వచ్చేసరికి పది దాటుతుంది. చదువు ఎప్పుడంటే, సాయంత్రం అయిదు దాటాక కౌంటర్ దగ్గర రద్దీ తగ్గినప్పుడు పావుగంట, మెట్రోలో కొంత, పరీక్షల ముందు రాత్రి పన్నెండు దాకా. ఫోన్‌లో నా గొంతుతోనే సెక్షన్లు రికార్డు చేసుకొని గిన్నెలు తోముతూ వింటాను. మా చిన్నోడికి కాంట్రాక్టు చట్టంలో ప్రతిపాదన, అంగీకారం నోటికి వచ్చేశాయి.

పుస్తకాల గురించి ఒక మాట. కోఠిలో పాత పుస్తకాలు చౌకగా దొరుకుతాయి. కాంట్రాక్టు చట్టం, కుటుంబ చట్టం, రాజ్యాంగం పాతవి కొన్నా కొంత పనికొస్తాయి. క్రిమినల్ చట్టాలు మాత్రం పాతవి కొనవద్దు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టం కూడా మారాయి. సెక్షన్ నంబర్లన్నీ మారిపోయాయి.

ఇంట్లో ఏమన్నారు అని అడుగుతారు. మా అత్తమ్మ మొదట్లో, "ఇంత వయసుల చదివి ఎవర్ని ఉద్ధరిస్తవు?" అన్నది. ఇప్పుడు పక్కింటి వాళ్లకు ఏ కాగితం వచ్చినా, "మా కోడలికి చూపియ్యరాదు" అని ఆమే తీసుకొస్తున్నది. మా ఆయన ఆటో నడుపుతాడు. పిల్లల సాయంత్రం తిండి ఆయన చూసుకుంటాడు. ఇది సాయం చేయడం కాదు, ఇంటి పని పంచుకోవడం అని ఆయనకు చెప్పడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

ఇంటి తర్వాత నన్ను నిలబెట్టింది సంఘమే. నెల మీటింగును నా కోసం ఆదివారం పొద్దున ఏడింటికి మార్చారు, డ్యూటీకి పోయే ముందు వచ్చి పోతానని. మొదటి సంవత్సరం ఫీజుకు అంతర్గత అప్పు 30 వేలు ఇచ్చారు. నెలకు నూటికి రూపాయి వడ్డీ, నెలకు 1,500 అసలు చొప్పున 20 నెలల్లో తీర్చాలని తీర్మానం రాశాం. ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. పరీక్షల వారం మా పిల్లలకు అన్నం పెట్టింది పక్క సందులో ఉండే మన సభ్యురాలే.

ఆ అప్పు ఇచ్చిన రోజు ఒక అక్క మంచి ప్రశ్న అడిగింది. "కుట్టుమిషన్ కొంటే రెండో నెల నుంచి పైసలొస్తయి. లా చదువుకు ఇస్తే ఎప్పుడొస్తయి?" ఆ ప్రశ్నను తప్పించుకోకూడదు. నిజం ఏమిటంటే, చాలా రోజులు రావు. మూడేళ్లు చదువు. ఆ తర్వాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. ఇందులో ఒక ఊరట ఉంది. 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, చట్టంలో రాసిన దానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని. జనరల్‌కు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష రాయాలి. అది తెలుగులో కూడా రాయవచ్చు. ఆ తర్వాత ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకోవాలి. ఆ రోజుల్లో చేతికి వచ్చేది తక్కువ.

ఇంకొకటి. వకీలుగా ప్రాక్టీసు చేసేవాళ్లు ఫుల్‌టైమ్ జీతం మీద ఇంకో కొలువు చేయకూడదు. అది బార్ కౌన్సిల్ నిబంధన. చదువుతున్నప్పుడు ఎన్‌ఓసీతో కొలువు చేయవచ్చు గానీ, నల్లకోటు వేసుకున్నాక నెల జీతం వదలాలి. కాబట్టి చదువు అప్పును చదువు అయ్యాక వచ్చే సంపాదనతో తీరుస్తానని ఎవరన్నా అంటే ఇవ్వకండి. ఇప్పుడు చేతిలో ఉన్న జీతంతోనే తీరాలి. అందుకే "కొలువు మానేసి చదువు" అని చెప్పేవాళ్ల మాట మనలాంటివాళ్లకు పనికిరాదు. ఆ మూడేళ్లలోనే, ప్రాక్టీసు మొదటి రెండు మూడేళ్లకు సరిపడా కొంత పొదుపు పక్కన పెట్టుకోవాలి. నేను వేరే పాసుబుక్కు తీశాను. ఎక్కువ లేదు, కానీ ప్రతి నెలా పడుతున్నది.

అందరూ ఎల్‌ఎల్‌బీ చదవాలని నేను అనడం లేదు. డిగ్రీ లేనివాళ్లకు, టైమ్ కుదరనివాళ్లకు ఇంకో దారి ఉంది. జాతీయ న్యాయ సేవల సంస్థ, అంటే నల్సా, 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం పెట్టింది. ఎవరిని తీసుకోవచ్చో అందులో రాసిన జాబితాలో స్వయం సహాయక సంఘాల సభ్యులు కూడా ఉన్నారు. అంటే మనం అడుక్కోవలసిన పని లేదు, మన పేరు అందులోనే ఉంది. పది చదివి ఉంటే మంచిది అన్నారు. శిక్షణ ఇస్తారు. బస్తీలో ఎవరికి ఏ ఆపద వచ్చినా సరైన ఆఫీసుకు దారి చూపడం వాళ్ల పని. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబర్ 15100. ఇది మీ సంఘం మినిట్స్ పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి. ఇది తెలిసి ఉంటే మా చెల్లె 15 వేలు మిగిలేవి.

మనకంటే ముందు ఈ దారిలో నడిచిన ఒక ఆమె గురించి చెప్పకుండా ముగించలేను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి నుంచి బయటికి వచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయారు. అక్కడి నుంచి వచ్చాక మెట్రిక్ ప్రైవేటుగా కట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవాలంటే అమ్మాయిలకు హాస్టల్ లేదన్నారు. తనలాంటి అమ్మాయిలను పోగుచేసి హాస్టల్ నడుపుకొని చదివారు. ఆ పని చూస్తే మన సంఘమే గుర్తుకొస్తుంది నాకు. 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకొని హైకోర్టులో వకీలు అయ్యారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని 1953లో చైనా చూసి వచ్చాక చెప్పారు. ఆ చట్టం 1984లో వచ్చింది, ఆమె పోయిన మూడేళ్లకు. ఇవాళ మన చెల్లెళ్లు ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కుతున్నారంటే అందులో ఆమె మాట ఉంది. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ల కోసం సంక్షిప్త కోర్సులు పెట్టించింది కూడా ఆమె చూసిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డే. ఆడవాళ్లు వకీళ్లు కావచ్చని ఈ దేశంలో చట్టం వచ్చింది 1923లో. అంతకుముందు డిగ్రీ ఉన్నా, ఆడదానివి అని వెనక్కి పంపారు. మనకు ఇప్పుడు ఆ తలుపు తెరిచే ఉంది. అడ్డం టైమ్, పైసలు. ఆ రెండింటి సంగతి చూడటానికే కదా మనం సంఘాలు పెట్టుకున్నది.

ఇవాళ మీ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, అంతర్గత అప్పు ఫారంలో "చదువు" అనే కారణాన్ని చేర్చాలి, అది పిల్లలకే కాదు, సభ్యురాలికి కూడా వర్తించాలి. డ్యూటీ టైమ్ రాసిన ఎన్‌ఓసీ, కాలేజీ టైమ్‌టేబుల్ రెండూ చూశాకే ఆ అప్పు ఇవ్వాలి. రెండు, ప్రతి బస్తీ సమాఖ్య నుంచి ఇద్దరి పేర్లు పారా లీగల్ వాలంటీర్ల శిక్షణకు పంపాలి. మూడు, నెలలో ఒక ఆదివారం పొద్దున సమాఖ్య ఆఫీసులో కాగితాలు చదివే బల్ల పెట్టాలి. నేను ఇంకా వకీలును కాను, సలహా ఇవ్వను, కేసులు చూడను. సంతకం పెట్టబోయే కాగితంలో ఏం రాసి ఉందో చదివి తెలుగులో చెప్తాను. అవసరమైతే న్యాయ సేవల ఆఫీసుకు తోడు వస్తాను. దానికి ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవద్దు.

ఈ సంవత్సరం మన సమాఖ్య నుంచి ఇద్దరు చెల్లెళ్లు లాసెట్ రాయబోతున్నారు. ఒకరు హాస్టల్ వార్డెన్, ఒకరు మెడికల్ షాపులో పని చేస్తారు. ఇద్దరూ యజమానులతో షిఫ్టు మాట్లాడుతున్నారు, ఇంకా ఒప్పుకోలేదు. మీలో ఎవరికన్నా ఆ యజమానులు తెలిసి ఉంటే భోజనాల టైమ్‌లో నాతో మాట్లాడండి. అవసరమైతే ఆఫీస్ బేరర్లతో కలిసి పోయి అడుగుదాం. ఒక్కరు అడిగితే అది సొంత అవసరం అంటారు. పది మంది పోతే కూర్చోబెట్టి మాట్లాడతారు, ఇది మనకు బ్యాంకులోనే తెలిసిన సంగతి.

 తీర్మానాల మీద చేతులెత్తే ముందు అడగాల్సినవి ఉంటే అడగండి, ఇక్కడే ఉంటాను.